కొచ్చి యూదుల సమాజమందిరము : పదియవవాని ప్రశ్న

యూదులు తమ ఆరాధనాస్థానమునకు హెబ్రీభాషలో నిడిన పేరునకు "కూటపుటిల్లు" అని యర్థము. గ్రీకువారు పెట్టిన పేరును కూడిక యనియే చెప్పుచున్నది. తెలుగు బైబిలును కూర్చిన పండితులు దానిని సమాజమందిరమని తెనిగించిరి. ఆ మాట మిక్కిలి తగియున్నది. దేవాలయ మన్నది వేఱు, సమాజమందిర మన్నది వేఱు. ఈ భేదమును మొదట గ్రహింపనిచో యూదుల సంఘజీవనమును గూర్చి యెంత చదివినను కొంత మఱుగుననే యుండును.

యూదులకు దేవాలయము యెరూషలేమునం దొక్కటియే యుండెను. బలులర్పించు పనియు, దానికై వంశక్రమమున వచ్చు యాజకులును అచ్చటనే. క్రీస్తుశకము 70వ సంవత్సరమున రోమనులు దానిని నేలమట్టము చేసిరి. నాటినుండి బలులు లేవు. యాజకులకు వెనుకటి పనియును లేదు. అంతకు పూర్వమే యంకురించియున్న సమాజమందిరము అప్పటినుండి ఆ జాతికి సర్వస్వమయ్యెను. ప్రార్థన అందే, ధర్మశాస్త్రపఠనము అందే, పిల్లల చదువు అందే, తగవుల తీర్పు అందే, బీదలకొఱకు కూర్చు ద్రవ్యపు లెక్క అందే.

దీనికి కావలసినది శిల్పము గాదు, మూర్తి యంతకంటె గాదు. పదుమూడేండ్లు నిండిన పురుషులు పదుగురు కూడినచో, అది పూరిగుడిసె యైనను, వర్తకుని కొట్టుగది యైనను, సంపూర్ణారాధన జరుగును. తొమ్మండుగురు మహాపండితులు కూర్చుండియున్నను పదియవవాడు రానిచో ధర్మశాస్త్రపు చుట్టను సభలో విప్పి చదువగూడదు. ఆ పదియవవాడు నిరక్షరాస్యుడైన కూలివాడైనను లెక్కకు లోపము లేదు. (స్త్రీల నీ లెక్కలో చేర్పకుండుట పూర్వాచారము. సంస్కరణపక్షపు యూదుల మందిరములందు ఇప్పుడు స్త్రీలును లెక్కకు వచ్చుచున్నారు. కొచ్చిలో మాత్రము పూర్వాచారమే నిలిచినది.) కావున ఎవరు లెక్కకు వత్తురు, ఎవరు రారు, వచ్చినవా రెచ్చట కూర్చుందురు అను ప్రశ్నలు యూదుల సమాజమందిరమున చిల్లర ప్రశ్నలు గావు. మన దక్షిణదేశముననే, మలయాళసీమలోని కొచ్చిలో, ఈ ప్రశ్నలు నన్నూరేండ్లకు పైగా నడచినవి. ఆ కథ చదువరులకు కొత్తదిగా దోపకపోవచ్చును. పేర్లు మార్చినచో మన యూరి కథయే యగును.

మలయాళదేశమునకు యూదు లెప్పుడు వచ్చిరను విషయమున వారి పెద్దలు చెప్పుకొను కథలు పలు రకములు. సొలొమోను రాజుయొక్క ఓడలతో వచ్చితిమని కొందఱు చెప్పుదురు. ఆలయనాశనమునకు పిమ్మట వచ్చితిమని కొందఱు చెప్పుదురు. ముఖ్యమైన శాసనాధారము క్రీస్తుశకము 1000వ సంవత్సర ప్రాంతమునది. అప్పటి చేరరాజు భాస్కర రవివర్మ జోసెఫు రబ్బాను అను యూదు ప్రముఖునికి తామ్రశాసనము వ్రాయించి యిచ్చెను. సుంకముల మినహాయింపును, పల్లకియు, గొడుగును, పగటి దివిటీయు, భేరియు, బూరయు మున్నగు గౌరవములును అందు ప్రసాదింపబడినవి. ఈ రేకులు ఇప్పటికిని కొచ్చి పరదేశి యూదుల మందిరమున భద్రముగా నున్నవి.

ఇచ్చట నొక్క మాట. గొడుగును పల్లకియు నొసగుట పరదేశపు వర్తకునికి రాజు చూపిన యాదరమే యని మనము సంతోషింపవచ్చును. యూరపుఖండమున యూదులు తరుమబడుచుండిన శతాబ్దములలో మన రాజులు వారికి నేలనిచ్చిరనుట నిజముగా గర్వింపదగిన సంగతియే. కాని యా కాలపు మలయాళసమాజమున గొడుగనగా ఎండను కాపాడు వస్తువు మాత్రమే గాదు. అది ఫలానివాడు పట్టవచ్చును, ఫలానివాడు పట్టరాదు అని జాతినిబట్టి నిర్ణయించు చిహ్నము. అట్టి చిహ్నములను స్వీకరించినవారు వానితోకూడ వచ్చు తారతమ్యమును గడపదాటనీయకుండుట మిక్కిలి కష్టము. నా యభిప్రాయమున కొచ్చి యూదుల తరువాతి చిక్కునకు బీజ మిచ్చటనే పడినది.

కొడుంగల్లూరిలో నుండిన యూదులు కాలక్రమమున దక్షిణమునకు జరిగి కొచ్చి, ఎర్నాకుళము, పరూరు, చేందమంగళము, మాళ అను నూళ్లలో నిలిచిరి. 1492లో స్పెయిను రాజు యూదులను దేశమునుండి వెడలగొట్టిన పిదప అచ్చటినుండియు, పోర్తుగలు, అలెప్పో, బాగ్దాదు మున్నగు చోట్లనుండియు కొన్ని కుటుంబములు కొచ్చి చేరెను. ఈ కొత్తవారికి పరదేశులని పేరు. పూర్వమునుండి యున్నవారు మలబారు యూదులనబడిరి. పోర్తుగీసువారి బాధ హెచ్చినప్పుడు కొచ్చిరాజు మట్టాంచేరిలో తన కోటను ఆనుకొనియే వీరికి నేలనిచ్చెను. అచ్చట 1568లో పరదేశి మందిరము లేచినది. దానిగోడకును రాజుగారి దేవాలయపు గోడకును నడుమ నెడము లేదనదగును. 1662లో పోర్తుగీసువారు మందిరమును పాడుచేయగా, డచ్చివారు కొచ్చిని జయించిన పిమ్మట 1664లో మరల బాగుచేయబడెను. డచ్చి కంపెనీకి ప్రధానవర్తకుడైన యెజెకీలు రహబి పదునెనిమిదవ శతాబ్దమున దీనికి గడియారపు గోపురమును గట్టించెను. చీనాదేశమునుండి నీలివర్ణముతో చేతచిత్రించిన పలకలను దెప్పించి నేలయెల్ల పఱపించెను. గడియారపు ముఖముల మీది యంకెలు ఒక ప్రక్క హెబ్రీవి, ఒక ప్రక్క రోమనువి, ఒక ప్రక్క మలయాళపువి.

లోన ప్రవేశించువారు పాదరక్షలు విడువవలయును. ఇతరదేశపు యూదులలో ఈ నియమము సాధారణముగా కానరాదు. ఇరుగుపొరుగు హిందువులనుండి వచ్చినదనుటకు సందేహము లేదు. పడమటిగోడయందు, యెరూషలేమున కభిముఖముగా, పవిత్రమందసమున్నది. తోలుకాగితములపై చేతవ్రాసిన ధర్మశాస్త్రపు చుట్టలు వెండిబంగారు తొడుగులలో అందు నిలిచియున్నవి. ఒక చుట్టకు పెట్టు బంగారు కిరీటము తిరువాన్కూరు మహారాజు కానుక. నట్టనడుమ ఇత్తడి కమ్ములతో నొక వేదిక కలదు. మలయాళదేశపు మందిరములన్నిట మేడమీద రెండవ వేదిక యొకటి యుండుట విశేషము. విశ్రాంతిదినములందును పండుగలందును ధర్మశాస్త్రమును ఆ పైవేదికనుండియే చదువుదురు. దాని వెనుకనే స్త్రీలు కూర్చుండు స్థలము. అనగా శాస్త్రపఠనము స్త్రీలకు పురుషులకంటె చేరువగా వినబడుననుట! ఈ యేర్పాటు బుద్ధిపూర్వకముగా జరిగినను, యాదృచ్ఛికముగా జరిగినను, ఫలితము మేలైనదే.

కొచ్చి యూదులలో గురుపీఠము లేదు. రబ్బీయను బిరుదుగల పండితుడు వారిని పాలింపలేదు. సంఘములోని పెద్దలు, చదువుకొన్న గృహస్థులు, వంతులవారిగా ప్రార్థన నడపుదురు. పిల్లవాడు చిన్ననాడే హెబ్రీ యక్షరములును, శాస్త్రమును చదువు స్వరములును నేర్చును. కొన్ని మందిరములలో మేడమీది గదియే బడి. సంఘకార్యములను నిర్ణయించు సభకు వారు పెట్టిన పేరు యోగము. శాస్త్రవిధిగా కోళ్లను, మేకలను కోయుటకు శిక్షణ పొందిన యొకడును, లెక్కలు చూచువా డొకడును ఉన్నచో చాలును. మిగిలినదెల్ల గృహస్థుల భారమే. అర్చకజాతి లేకయే ఒక మతము శతాబ్దములపాటు నిలువగలదా యని శంకించువారికి ఇది మంచి దృష్టాంతము.

శుక్రవారము సూర్యుడు క్రుంకుటతో విశ్రాంతిదిన మారంభమగును. ఆనాటి మధ్యాహ్నమునకే యూదువీధిలో అంగళ్లు మూతపడుచుండెను. మఱునాటికి కావలసిన వంట ముందుగానే ముగించి, దీపములలో నూనె పోసి, స్నానముచేసి, స్త్రీపురుషులందఱును మందిరమునకు నడచెడివారు. శనివారము నక్షత్రములు కనబడువఱకు వ్యాపారము లేదు, ప్రయాణము లేదు, నిప్పు ముట్టించుట లేదు. ఆ వీధి యొక్కటే వీధి, ఇంటికిల్లు తగులుకొని యుండును, కొనయందు మందిరము. ఒకని ఇంట పురుడైనను, పెండ్లియైనను, మరణమైనను వీధియంతటి పని. ఏడాదిలో ధర్మశాస్త్రమునంతయు భాగములుగా చదివి ముగింతురు గనుక, ఏ వారమున ఏ కథ వచ్చునో చిన్నపిల్లలకు సైతము తెలిసియుండును.

స్త్రీలను గూర్చి కొంత విశదముగా చెప్పవలయును. మందిరమునకు వచ్చి, ప్రార్థనాగీతములను గొంతెత్తి పాడుట కొచ్చి యూదుస్త్రీలకు వాడుక. అదియుగాక మలయాళభాషలో వారికి ప్రత్యేకమగు పాటల సంపద కలదు. పెండ్లిపాటలు, బైబిలు కథలు, ఫలాని మందిర మెట్లు కట్టబడెనను కథలు వానిలో నున్నవి. తల్లి కూతునకు చేతివ్రాత పుస్తకములలో వ్రాసియిచ్చుచు వీనిని కాపాడినది. చిరకాలమునకు పండితుల దృష్టి వీనిమీద పడి, కొన్ని పాటలు మలయాళ హెబ్రీ లిపులలో 2005లో యెరూషలేమునందు పుస్తకరూపమున వెలువడినవి. పురుషులు శాసనపు రేకులను పెట్టెలో దాచిరి. ఆ రేకులలో జోసెఫు రబ్బాను పొందిన యధికారము లున్నవి. పాటలలో నాటి వీథియు, వంటయిల్లును, పెండ్లిపందిరియు నున్నవి. సంఘ మెట్లు బ్రదికెనో తెలిసికొనగోరువాడు రెండవదానినే ముందుగా వెదకవలయును.

పండుగలలో పస్కాపండుగకు పడు శ్రమ యింతింతనరాదు. పులిసిన పదార్థము ఇంటిలో నలుసంతయు మిగులగూడదని శాస్త్రము. కొచ్చిలో ఇండ్లకు సున్నము కొట్టించి, ఆ పండుగకే ప్రత్యేకించిన పాత్రలను దింపి, బియ్యమును గింజ గింజగా ఏరెడివారు. పులియని రొట్టెలను స్త్రీలు కలిసి చేసెడివారు. మన యిండ్లలోని మడి నెఱిగినవారి కిది చిత్రముగా తోపదు. శరత్కాలమున పర్ణశాలల పండుగ చివర శాస్త్రానందపు దినము వచ్చును. ఆనాడు శాస్త్రపఠనపు సంవత్సరచక్రము పూర్తియై మరల మొదటినుండి ఆరంభమగును. మందసమునుండి చుట్టలన్నిటిని వెలికిదీసి, పట్టువస్త్రములతోను మల్లెపూలతోను అలంకరించి, పాడుచు నాడుచు మందిరమున ప్రదక్షిణములు చేయుదురు. కొచ్చిలో మాత్రము సాయంకాలమునకు ముందు చుట్టలను వెలుపలికి తెచ్చి మందిరముచుట్టును ఊరేగింతురు. మన దేవతల యుత్సవములను చూచి నేర్చిన పద్ధతి యని పండితులు తలచుచున్నారు. ఊరేగునది గ్రంథము, విగ్రహము గాదు. కాని యుత్సాహము మలయాళపుదే.

మట్టాంచేరిలో నెహెమ్యా మోతా యను కవిభక్తుని సమాధి కలదు. ఆయన 1615లో గతించెను. ఆ సమాధికడ యూదులేగాక హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులును దీపములు వెలిగించి మ్రొక్కుకొనుచున్నారు. సమాధిపూజను మనము మెచ్చకపోవచ్చును. అయినను ఆ చోట దీపము పెట్టవచ్చినవానిని నీ వే జాతివాడవని యడుగువారు లేరు. దానికి నాలుగడుగుల దూరమున నున్న మందిరమున అడిగెడివారు.

అడిగినది ఎవరిని? పరదేశులు మలబారు యూదులతో వియ్యమందలేదు. తాము తెల్లవారమనియు, వారు నల్లవారనియు, వారిది దాసుల సంతతియనియు చెప్పిరి. శాసనగౌరవము గల పూర్వనివాసులను, నిన్న మొన్న నిలువనీడలేక శరణుజొచ్చినవారు ఇట్లనుట వింతయే. కాని శరణార్థి స్థిరపడిన పిదప ఒక మెట్టు క్రింద నెవరైన నుండవలెనని కోరుట లోకమున అరుదు గాదు. మలబారు యూదులకు తమ మందిరములు తమకుండుటచేత వారి కవమానము వివాహముల కడనే యుండెను. పరదేశుల వీథిలోనే, పరదేశుల మందిరముననే చేరియున్న మఱియొక వర్గమున కట్లు గాదు. వీరిని హెబ్రీమాటతో మెషుక్రరీము లనిరి. విడుదల పొందినవారని యర్థము. పరదేశుల ఇండ్లలో దాసులై, యూదమతమున చేర్పబడి, విడుదలపత్రము పొందినవారును, దాసీలయందు యజమానులకు కలిగిన సంతానమును, వారి వంశీయులును ఇందుండిరి. వీరు మందిరపు బల్లలమీద కూర్చుండరాదు. ముందరి గదిలోనో నేలమీదనో కూర్చుండవలయును. శాస్త్రపఠనమునకు వీరిని పిలువరు. చచ్చిన పిదప సైతము వీరికి స్థలము వేఱు. మలబారు యూదులలోను ఇట్టి విభాగ ముండెననుట మఱువరాదు. అవమానింపబడినవారే మఱికొందఱి నవమానించిరి.

శాస్త్ర మిట్లు చెప్పినదా? ఈ యంశము చదువరులు నిదానముగా గమనింపవలయును. యూదుల ధర్మశాస్త్రము ప్రకారము విధిగా స్నానసంస్కారము పొంది విడుదలయైన దాసుడు యూదుడే. అతనికిని పుట్టుకచే యూదుడైనవానికిని భేదము లేదు. ఈ సంగతి కొచ్చివారు తెలియకచేసిరనుటకును వీలులేదు. 1520 ప్రాంతముననే కొచ్చినుండి ఐగుప్తుదేశపు కైరో నగరమున నుండిన రబ్బీ దావీదు బెన్ జిమ్రాకు ప్రశ్నాపత్రము పోయినది. ఆయన తానును స్పెయినునుండి వెడలగొట్టబడినవాడే. తన కాలపు ధర్మవేత్తలలో అగ్రగణ్యుడు. సంస్కారము సక్రమముగా జరిగినచో వారు సంపూర్ణముగా యూదులే, వారితో వివాహము ధర్మ్యమే యని ఆయన తీర్పు పంపెను. తరువాత అలెగ్జాండ్రియానుండియు నట్టి తీర్పే వచ్చినది. 1882లో యెరూషలేమునందలి ప్రధానగురువు రఫాయేలు మేయిరు పనిజేలు మరల నట్లే వ్రాసెను. కొచ్చి పెద్దలు ప్రతి పర్యాయమును ఆ తీర్పులను భక్తితో అందుకొనిరి. ఆచరణలో నేమియు మార్చలేదు.

శాస్త్రము మాఱవలెనని పోరాడు సంస్కర్తకు గల కష్టము అందఱికిని తెలిసినదే. ఇచ్చటి కష్టము దానికి తలక్రిందైనది: శాస్త్రము సంస్కర్త పక్షముననే యుండెను, ఆచార మొక్కటే యెదురు నిలిచెను. గింజగింజగా బియ్యమేరు శ్రద్ధతో కొచ్చి పెద్దలు శాస్త్రవిధులను పాటించిరనుటలో సందేహము లేదు. కాని శుద్ధి యను భావము పాత్రలనుండి మనుష్యులకు ప్రాకినప్పుడు గ్రంథమును మూసి, ఇరుగుపొరుగును చూచి నడచిరి. చుట్టును నంబూదిరి నాయరును చూచి తొలగు దేశమున, నాయరు ఈళవుని చూచి యదలించు దేశమున, తామొక్కరే సమత్వమును పాటించినచో తమ గౌరవమునకు భంగమగునని భయపడియుందురు. సమర్థనగా నీ మాట చెప్పుటలేదు. మన దేశపు జాతిభేదము హిందువుల గ్రంథములలోనే యున్నదని చెప్పువా రీ సంగతిని తలపోయవలయును. గ్రంథము నిషేధించిన చోటను అది వేళ్లూనగలదు.

పందొమ్మిదవ శతాబ్దపు నడుమనే మెషుక్రరీములలో కొందఱు ఈ యవమానమును సహింపక కొచ్చికోటకు వెడలిపోయి ప్రత్యేకముగా ప్రార్థనలు జరుపుకొనిరి. అది నిలువలేదు. ఆ వర్గముననే 1882లో అబ్రహాము బరాకు సేలము జన్మించెను. మద్రాసునగరమున న్యాయశాస్త్రము చదివి, ఎర్నాకుళమున న్యాయవాదియై, 1925లో కొచ్చి శాసనసభలో సభ్యుడయ్యెను. శాసనసభలో ఆసనము గలవానికి మందిరమున బల్లమీద ఆసనము లేదు! 1929లో ఆయన లాహోరు కాంగ్రెసు మహాసభకు పోయెను. మలయాళదేశమున అప్పటికే 1924, 1925 సంవత్సరములలో వైకము సత్యాగ్రహము జరిగియుండెను. గుడిచుట్టునున్న వీథులలో నడచుటకై అచ్చట జనులు నెలల తరబడి ఎండలో వానలో నిలిచిరి.

సేలము మొదట కొంతకాలము మందిరమునకు పోవుట మానెను. పోకుండుట సులభమైన మార్గము. చదువుకొన్న వానికి మఱింత సులభము. ఆయన దానిని విడిచి మరల పోవుటకే నిశ్చయించుకొనెను. వేఱొక మందిరము కట్టుకొనలేదు, వేఱొక మతమున చేరలేదు, రాజద్వారమున దావా వేసి బలాత్కారముగా ప్రవేశింపను లేదు. గాంధీమహాత్ముని సత్యాగ్రహమార్గము నవలంబించి, తన సంఘముమధ్యనే యుండి, దాని యంతరాత్మను మేలుకొలుప యత్నించెను. ఈ కారణముననే పిమ్మటివా రాయనను యూదుల గాంధి యనిరి. ఒకనాటి పోరాటము గాదిది. ప్రతి విశ్రాంతిదినమును అదే మందిరము, అవే ముఖములు. కొట్టువారు లేరు, చెఱలేదు, పత్రికలలో పేరులేదు. చిన్ననాటినుండి యెఱిగిన యిరుగుపొరుగువారి యెదుట వారము వారమును అవమానమునకు ఎదురుగా కూర్చుండుట పోలీసుల లాఠీకి ఎదురు నిలుచుటకంటె తక్కువ ధైర్యమని నేననుకొనను.

1937లో అమెరికాదేశపు మానవశాస్త్రజ్ఞుడు డేవిడు మాండెల్బాము కొచ్చి యూదుల జీవనమును పరిశీలింప వచ్చెను. పాత నిషేధములలో పెక్కు అప్పటికే సడలినవని ఆయన వ్రాసెను. అంతకు ముందటి యేడే, 1936 నవంబరు 12వ తేదీన, తిరువాన్కూరు మహారాజు తన రాజ్యపు దేవాలయములను సమస్త హిందువులకును తెఱపించియుండెను. గాలి యెటు వీచుచున్నదో మందిరపు పెద్దలును చూచుచుండిరి. సేలముయొక్క పట్టుదల యెంత పని చేసినదో, కాలప్రవాహ మెంత పని చేసినదో తూచి చెప్పుట కష్టము. రెండును గలిసి బల్లలను చేరనిచ్చినవి. వివాహపు గోడ మాత్రము ఇంకను నిలిచెను. దానిని 1950లో సేలముగారి కుమారుడొకడు పరదేశికన్యను పెండ్లాడి దాటెను. ఆ పెండ్లి కొచ్చిలో గాక బొంబాయిలో జరిగినదనుటతోనే పెద్దల మనస్సు తెలియుచున్నది.

గోడ కూలునప్పటికి ఇంటివారు ప్రయాణపు మూటలు కట్టుచుండిరి. 1948లో ఇశ్రాయేలు రాజ్య మేర్పడగా, మలయాళదేశమున రెండువేలకు మించియుండిన యూదులలో అత్యధికులు 1950వ దశకమున వెడలిపోయిరి. ఎవరును వారిని తరుమలేదు. నిత్యప్రార్థనలో యెరూషలేమును దలచుకొనుచు వచ్చినవారు పిలుపు వినగానే పోయిరి. మలబారు యూదుల సంఘములు మందిరములకు మందిరములే ఖాళీయయ్యెను. నెగెవు ఎడారియంచున నెవాటిమను గ్రామమును వారు నిలిపిరి. ఆ దేశమువారి కందఱును "కొచ్చినీలే". తెల్లవారెవరో నల్లవారెవరో పోల్చువారు లేరు. సేలము వెడలలేదు. 1967లో కొచ్చిలోనే గతించెను. మఱుసటి సంవత్సరము పరదేశిమందిరమునకు నన్నూరేండ్ల యుత్సవము జరుగగా ప్రధానమంత్రి ఇందిరాగాంధి వచ్చెను. తపాలాశాఖవారు బిళ్ల వెలువరించిరి.

చేందమంగళపు మందిరము 2006లో ప్రదర్శనశాలగా తెఱవబడినది. పరూరు మందిరమును పిమ్మట బాగుచేయబడినది. మట్టాంచేరి కడవుంభాగపు మందిరపు లోపలి కొయ్యపనియంతయు విప్పి, ఓడమీద కొనిపోయి, యెరూషలేములోని వస్తుప్రదర్శనశాలలో మరల కూర్చిరి. కొయ్యపని చూడ ముచ్చటగానే యుండును. కాని చూడవచ్చువారి పాదరక్షల చప్పుడే అచ్చటి ధ్వని.

తెలుగుదేశమున నిట్టి ప్రశ్న లేకపోలేదు. గుంటూరు మండలమున చేబ్రోలు సమీపమునగల కొత్తరెడ్డిపాలెమున కొన్ని మాదిగకుటుంబములవారు తాము ఇశ్రాయేలులోని ఎఫ్రాయీము గోత్రమువారమని చెప్పుచు, 1990వ దశకారంభమున చిన్న సమాజమందిరమును నెలకొల్పుకొనిరి. శనివారమున పనిమాని, తెలుగునందును హెబ్రీయందును ప్రార్థించుచున్నారు. వీరినిగూర్చి ఇద్దఱు పరిశోధకులు 2013లో గ్రంథము ప్రకటించిరి. వారి వంశకథను చరిత్రకారులు నమ్ముదురో నమ్మరో, అది వేఱు విచారణ. ఊరిబయట పెట్టబడినవారు సమాజమందిరమను పేరును తమ యింటికి పెట్టుకొనుట మాత్రము ఊరివా రందఱును ఆలోచింపదగిన సంగతి. వంశమును నిరూపింపుమని వీరినడుగువారు అదే ప్రశ్న కొచ్చిలో ఎన్ని తరములను బయట కూర్చుండబెట్టినదో తెలిసియే యడుగవలయును.

ఇప్పుడు మట్టాంచేరి యూదువీథిలోని కొట్లలో పాత గడియారములు, పరిమళద్రవ్యములు, కుట్టుపని బట్టలు అమ్ముచున్నారు. కొచ్చిలో మిగిలిన యూదులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. పరదేశిమందిరమున పగటివేళ యాత్రికులు చెప్పులు విడిచి నీలిపలకలపై నడచి చూచిపోవుదురు. విశ్రాంతిదినమున వారికి ప్రవేశము లేదు. పదుగురు పురుషులు స్థానికముగా దొరకరు. దూరదేశమునుండి వచ్చిన యూదుయాత్రికు లెవరైన విడిదిచేసియున్నచో వారిని కలుపుకొని లెక్క పూర్తిచేయుదురు. మందసము తెఱచి చుట్టను వెలికి తీయుదురు. ఆ యాత్రికుడు నిన్ననే ఓడ దిగినవాడైనను బల్లమీదనే కూర్చుండును. వీథిచివరి తిన్నెలపై నొకప్పుడు సేలము కాపురమున్న పేటలో, ఒక మార్గమునకు ఇప్పుడాయన పేరు పెట్టియున్నారు.